నాలుగేళ్ల సైజు

ఫ్యాషన్ మర్చండైజింగ్ చదువుతున్నానని చెబితే చుట్టాలంతా ఒకటే మాట అనేవాళ్లు. "టైలరింగే కదమ్మా, దానికీ డిగ్రీ ఎందుకు?" మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత విసుగొచ్చి, "అవునండీ, గుండీలు కుట్టడం మూడేళ్లు నేర్పిస్తారు" అని చెప్పి తప్పించుకునేది.

నిజానికి ఆ చదువులో సూది పట్టుకున్న రోజులు తక్కువ. బట్ట నేసిన చోటి నుంచి అది మనిషి ఒంటి మీదికి చేరే దాకా మధ్యలో ఎవరెవరు ఏమేం నిర్ణయిస్తారన్నదే వాళ్ల పాఠం. ఆఖరి సంవత్సరంలో ఒకరోజు లెక్చరర్ పుస్తకం మూసేసి, ఒక్కొక్కరినీ లేపి, బయటికెళ్లి ఏం చేస్తారని అడిగారు. టీ గ్లాసు చేతిలో లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరగరు. ఆ రోజూ గ్లాసు ఊపుతూనే అడిగారు. దుకాణానికి ఏ సరుకు తెప్పించాలో ఎంచే బయ్యర్లమవుతామని సగం మంది అన్నారు, ఊళ్లు తిరగొచ్చని వాళ్ల ఆశ. షోరూమ్ అద్దాల వెనక బొమ్మలకు బట్టలు తొడిగి, వీధిలో పోయేవాళ్లను నిలబెట్టే పని కావాలంది ఒకమ్మాయి. ఏ దుకాణానికి ఏ సైజు ఎన్ని పంపాలో లెక్కగట్టే ప్లానర్ అవుతానన్నాడు వెనక బెంచీ అబ్బాయి. క్లాసంతా నవ్వింది.

"నవ్వకండర్రా, కంపెనీ మునగడమూ తేలడమూ వీడి చేతుల్లోనే ఉంటుంది" అన్నారు లెక్చరర్.

ఆ వెనక బెంచీ అబ్బాయినే ఆమె తర్వాత పెళ్లి చేసుకుంది.

తన వంతు వచ్చినప్పుడు ఆమె "పిల్లల బట్టలు సార్" అంది.

"పిల్లల బట్టల్లో ఏ పని?"

"ఏ పనైనా సరే సార్. పెద్దవాళ్లు ఊపిరాడకపోయినా అద్దంలో బావుంటే వేసేసుకుంటారు. పిల్లలకి గుచ్చుకుందంటే విప్పి అవతల పారేస్తారు. వాళ్ల దగ్గర మన అబద్ధాలు సాగవు."

ఆయనకు ఆ జవాబు నచ్చింది. తనకు తెలిసిన ఒక పిల్లల బట్టల కంపెనీకి ఆయనే ఫోన్ చేసి ఆమెను పంపించారు.

ఆ కంపెనీలో కింద కుట్టు మిషన్లు, పైన ఆఫీసు, రెంటికీ మధ్య ఇరుకైన ఇనుప మెట్లు. ఆ మెట్ల మీదే ఆమె ఉద్యోగం. కొనే దుకాణం వాళ్లు ఏదో అడుగుతారు. కుట్టే వాళ్లు అది కుదరదంటారు. ఈ రెంటినీ అతికించి, అనుకున్న రోజుకు సరుకు పెట్టెల్లోకి ఎక్కించడం మర్చండైజర్ పని. చంకలో ఎప్పుడూ నాలుగైదు నమూనా గౌన్లు పెట్టుకుని పైకీ కిందికీ తిరిగే ఆమెకు మిషన్ల దగ్గరి వాళ్లు శాంపిలక్క అని పేరు పెట్టారు. చివరికి ఓనరు కూడా అలాగే పిలిచేవాడు.

పిల్లల బట్టల్లో ఒక పద్ధతి ఉంది. ప్రతి మోడల్‌నూ ముందు ఒక్క సైజులోనే కుడతారు. ఆ కంపెనీలో అది నాలుగేళ్ల సైజు. అది సరిగ్గా కుదిరాక దాని మీద నుంచే చిన్న సైజులూ పెద్ద సైజులూ లెక్కకట్టి కత్తిరిస్తారు. కుదిరిందో లేదో ప్లాస్టిక్ బొమ్మ చెప్పదు, అది చెయ్యెత్తదు, వంగదు, చంకలో పట్టేస్తోందని ఏడవదు. అందుకని ఆ సైజుకు అచ్చంగా సరిపోయే పాప ఒకతి కావాలి. తంటా ఏమిటంటే పిల్లలు ఆగరు. వెతికి వెతికి పాపను తెచ్చుకుంటే ఒక సీజన్ తిరిగేసరికి భుజాలు దాటిపోతుంది. మళ్లీ వేట మొదలు.

ఆమె కూతురికి నాలుగో ఏడు నిండబోతుండగా ఒకరోజు బడికి సెలవని ఆఫీసుకు తీసుకొచ్చింది. ఇంట్లో అందరూ బుడ్డి అని పిలిచే ఆ పిల్ల టేబుళ్ల కింద దూరి ఆడుకుంటుంటే, కటింగ్ మాస్టరు ఆమె మెడలోని టేపు లాక్కుని సరదాగా కొలిచాడు. ఛాతీ, నడుము, భుజం, చెయ్యి. కొలిచి నోరు వెళ్లబెట్టాడు.

"శాంపిలక్కా, పాపను ఇంట్లో పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నామా మనం? సైజుల చార్టులోంచి దిగొచ్చినట్టుందే!"

అలా బుడ్డి ఉద్యోగంలో చేరింది. పదిహేను రోజులకోసారి పొట్టి బల్ల ఎక్కి నిలబడితే జీతం ఒక చాక్లెట్టు. బేరమాడి రెండు చేయించుకుంది. చంక దగ్గర కుట్టు లాగుతోందో లేదో చూడాలంటే పిల్ల చెయ్యి పక్కకు చాపాలి. ఊరికే చాపమంటే చాపదు. అందుకని తల్లి ఒక గుడ్డ కుందేలును పక్కన ఎత్తి పట్టుకునేది, బుడ్డి దాన్ని అందుకోబోయేది, మాస్టరు ఆ క్షణంలో చంక కింద వేళ్లు పెట్టి చూసేవాడు.

ఒక సీజన్ గడిచింది. బుడ్డి కొలత మారలేదు. రెండో సీజన్ గడిచింది. గౌను ఇంకా అచ్చంగా సరిపోతూనే ఉంది. ఆఫీసంతా పండగలా ఉంది. పాప మారలేదు గనక బట్టల కొలతలూ మారలేదు. దుకాణాల నుంచి వెనక్కి వచ్చే సరుకు తగ్గిపోయింది. ఓనరు ఆమెను గదిలోకి పిలిచి సీనియర్ని చేస్తున్నట్టు చెప్పాడు.

"నీ కూతురు మన కంపెనీకి పట్టిన అదృష్టం శాంపిలక్కా. దిష్టి తియ్యి" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె పిల్లను ఎత్తుకుని ఇనుప మెట్లు దిగుతూ, బుగ్గ మీద ముద్దు పెట్టి, "ఇలాగే ఉండిపోవే తల్లీ, పెద్దవ్వకు" అంది. తల్లులందరూ అనే మాటే అది.

ఇంట్లో అత్తగారు ఒక్కరే ఈ సంబరంలో కలవలేదు. పిల్లకు నీళ్లు పోసి, తల దువ్వి, బడికి పంపేది ఆవిడే.

"అమ్మాయ్, దీనికి ఐదు దాటాయి. నిరుడు కొన్న చెప్పులే ఇంకా తొడుక్కుంటోంది. పక్కింటి పిల్ల దీనికంటే చిన్నది, దీని నెత్తి దాటిపోయింది. ఒకసారి డాక్టరుకు చూపిద్దామా?"

"అత్తయ్యా, పిల్లలందరూ ఒక్కలాగే పెరుగుతారా?"

"ఒక్కలాగా పెరగరులే. అసలంటూ పెరగాలి కదా? ఐదేళ్ల పిల్లకు ఇంకా నాలుగేళ్ల గౌను పడుతోందంటే నాకేదో భయంగా ఉంది."

ఆమె ఫక్కున నవ్వింది. "ఆ గౌను మీద వయసు రాసేది మేం అత్తయ్యా, దేవుడు కాదు! ఒక కంపెనీ నాలుగు ఇంకో కంపెనీకి ఆరు. అది అమ్ముకోవడానికి వేసే నంబరు. ఇంతకీ మీ అబ్బాయి పొడుగెంత? కుర్చీ ఎక్కితేగాని అటక అందదు. తండ్రి పోలికేమో అడగండి ఆయన్నే."

"నన్నెందుకు లాగుతావే మధ్యలోకి?" అన్నాడు భర్త, లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

అత్తగారు మాట పెంచలేదు. కానీ ఊరుకోనూ లేదు. నెలకోసారైనా ఎత్తేది. ఎత్తినప్పుడల్లా కోడలి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది, ఆ జవాబులో తప్పు కూడా లేదు. లేబుల్ మీది వయసును నమ్మకూడదన్నది ఆ వృత్తిలో మొదటి పాఠం. కొత్తగా చేరిన వాళ్లకు ఆమే ఆ పాఠం చెప్పేది. అందుకే ఇంట్లో ఆ నంబరు చూసి భయపడే ముసలావిడ ఆమెకు పాపం అమాయకురాలిగా కనబడింది.

పొద్దున్నే తలనొప్పని బుడ్డి ఏడిస్తే, బడికి ఎగనామం పెట్టే తలనొప్పని భార్యాభర్తలిద్దరూ నవ్వుకున్నారు. పదేపదే నీళ్లడిగితే ఎండలు కదా అనుకున్నారు. ఆఫీసులో ఇటు తిరిగి బట్టల స్టాండుకు, అటు తిరిగి తలుపుకు గుద్దుకుంటుంటే మాస్టరు, "ఏం బుడ్డమ్మా, చాక్లెట్లో ఏమన్నా కలిపారా?" అని ఆటపట్టించాడు.

ఆ రోజు వానాకాలపు కోట్లు చూస్తున్నారు. బుడ్డి బల్ల మీద నిలబడింది. తల్లి కుందేలును పక్కకు ఎత్తి పట్టుకుంది. పిల్ల చెయ్యి చాపలేదు.

"అందుకో నాన్నా."

"ఏదీ?"

"ఇదిగోనే, కుందేలు."

"ఏదమ్మా? కుందేల్ని దాచేశావా?"

"బుడ్డీ, నాటకాలాడకు. మాస్టరుగారికి చాలా పనుంది."

"నిజంగా లేదమ్మా" అంది పిల్ల, ఏడుపు గొంతుతో.

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే కుందేలును పక్క నుంచి మెల్లగా ముందుకు జరిపింది. చెవి పక్క దాటింది, భుజం ముందుకొచ్చింది, ముక్కుకు కొంచెం ఇవతలికి వచ్చాక పిల్ల ముఖం వెలిగింది. "ఆఁ, వచ్చింది!" అంది. రెండో వైపు నుంచి అలాగే జరిపింది. అటూ అంతే. ముక్కు ముందున్న సన్నటి దారిలో తప్ప ఆ పిల్లకు లోకం లేదు.

 మాస్టరు ఏదో అడుగుతున్నాడు. ఆమె కోటు విప్పకుండానే, చీటీలూ గుండుసూదులూ వేలాడుతుండగానే, పిల్లను ఎత్తుకుని మెట్లు దిగింది.

కళ్ల డాక్టరు చూసి, పిల్లల ఎదుగుదల చూసే ఇంకో డాక్టరు దగ్గరికి పంపాడు. ఆవిడ నెమ్మదిగా మాట్లాడే మనిషి. బుడ్డిని గోడకు ఆనించి ఎత్తు చూసి, కాగితం మీద చుక్క పెట్టి అడిగింది.

"పోయిన ఏడాది ఎంత పెరిగిందో ఏమైనా గుర్తుందా? చాలామంది తల్లులకు గుర్తుండదు, పర్వాలేదు."

ఆమెకు గుర్తుంది. ఛాతీ, నడుము, భుజం, మెడ నుంచి మోకాలు, చంక నుంచి మణికట్టు, పదిహేను రోజులకోసారి తీసినవన్నీ నోటికొచ్చు. గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. చెబుతూ చెబుతూ ఉండగానే తను ఏం చెబుతోందో తన చెవినపడింది. 

"అంటే, ఏడాదిన్నరగా..." అంది డాక్టరు.

"ఏం పెరగలేదండీ."

"ఇన్ని కొలతలు పెట్టుకున్న తల్లిని నేను ఇంతవరకు చూడలేదు" అంది డాక్టరు. ఆవిడ మెచ్చుకుంటూనే అంది.

మెదడు అడుగున, పెరుగుదలను నడిపించే చిన్న గ్రంథిని ఆనుకుని ఒక గడ్డ ఉందని స్కాన్‌లో తేలింది. క్యాన్సరు కాదు. నింపాదిగా పెరుగుతూ మొదట ఆ గ్రంథిని నొక్కింది, తర్వాత పైనున్న చూపు నరాలను నొక్కింది. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి ఫరవాలేదన్నారు. చూపు సంగతి మాత్రం నరాలు ఎంత నలిగాయన్న దాన్ని బట్టి ఉంటుందన్నారు.

"ఏడాది ముందు వచ్చి ఉంటే?" అని ఆమె అడిగింది.

 డాక్టరు పెన్ను మూత పెట్టి, "అలాంటి లెక్కలు వేసుకోకండమ్మా" అంది. ఆమెకు జవాబు అర్థమైంది.

బయట వరండాలో భర్త గోడకు తల ఆనించి నిలబడ్డాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెను గట్టిగా ఒక మాట అనని మనిషి. ఆ రోజు కూడా గట్టిగా అనలేదు.

"కొలుస్తూనే ఉన్నావు కదా" అన్నాడు. అంతే. మళ్లీ జన్మలో ఆ మాట ఎత్తలేదు. అతను మర్చిపోయాడేమో కూడా.

ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పారు. కట్లు విప్పిన మర్నాడు బుడ్డి కిటికీ వైపు ముఖం తిప్పింది. "తెల్లవారిందా అమ్మా?" అంది. ఆమెకు పట్టలేని సంతోషం కలిగింది. "తెల్లారింది నాన్నా, తెల్లారింది! నేను కనబడుతున్నానా?" పిల్ల కాసేపు ఆలోచించి, తల్లి బాధపడకూడదన్నట్టు, "నీ గొంతు వైపు చూస్తున్నా కదా" అంది.

వెలుగూ చీకటీ తెలుస్తున్నాయి. అంతకుమించి రాలేదు. ఆర్నెల్లు చూద్దామన్నారు, తర్వాత ఇంకో ఆర్నెల్లన్నారు. ఆ తర్వాత చూద్దామనడం మానేశారు.

పరామర్శకు వచ్చిన చుట్టాల ముందు అత్తగారు ఏమంటుందో అని ఆమె వంటింట్లో నిలబడి వింది. ఇన్ని నెలలు చెవినిల్లు కట్టుకుని పోరింది ఆవిడ. ఇప్పుడు ఏమన్నా చెల్లుతుంది, పడడానికి కోడలు సిద్ధంగా ఉంది.

"ముందే కనిపెట్టలేకపోయారా?" అని ఎవరో అడిగారు.

"ముందే కనిపెట్టబట్టేగా పిల్ల దక్కింది" అంది అత్తగారు. "మా కోడలు టేపు పట్టుకుని రేయింబవళ్లు దాన్నే చూస్తుండేది. ఇంకో తల్లయితే అసలు తెలిసేదే కాదు. కుందేలు ఆట పెట్టి చూపు సంగతి పట్టింది ఎవరనుకున్నారు?"

వంటింట్లో ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తిట్టి ఉంటే నిలబడేది. ఆ మాటకు మాత్రం గట్టు పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

పిల్లల బట్టల కంపెనీకి ఆమె మళ్లీ వెళ్లలేదు. మాస్టరు ఒకసారి ఇంటికొచ్చాడు, సంచీ నిండా చాక్లెట్లతో. బుడ్డి పక్కన కూర్చుని ఒక్క జోకూ వెయ్యలేక వెళ్లిపోయాడు. ఆమె దుప్పట్లూ కర్టెన్లూ తయారుచేసే చోట చేరింది. అక్కడా మర్చండైజర్ ఉద్యోగమే. మంచాలూ కిటికీలూ ఎవరి వయసును బట్టీ మారవు.

మొన్న వాళ్ల లెక్చరర్ ఫోన్ చేశారు. ఇప్పుడు విభాగానికి పెద్ద ఆయనే. "ఆఖరి సంవత్సరం పిల్లలు, ఏ దారి పట్టాలో తెలీక కొట్టుకుంటున్నారు. పాత విద్యార్థుల్ని పిలుస్తున్నా. ఒక్క గంట వచ్చి మాట్లాడమ్మా." ఆయనకు ఏమీ తెలియదు. కాదనలేక వెళ్లింది.

బాగానే మాట్లాడింది. బయ్యర్ పనిలో ఊళ్లు తిరగడం తక్కువ, బేరాలాడడం ఎక్కువని చెప్పింది. అంకెలంటే భయం లేనివాళ్లు ప్లానింగ్ వైపు వెళ్లమంది, అక్కడ పోటీ తక్కువ. అద్దాల వెనక బొమ్మలు అలంకరించే పనికి నడుము గట్టిగా ఉండాలంది, ఆ బొమ్మల్ని మోసేదీ వాళ్లే. ఆన్‌లైన్ దుకాణాల్లో ఫొటోలూ వివరాలూ చూసే ఉద్యోగాలు ఇప్పుడు చాలా ఉన్నాయంది. ఫ్యాక్టరీలో మర్చండైజర్లయితే ఇటు తిట్లూ అటు తిట్లూ రెండూ మీకేనంటే అందరూ నవ్వారు.

ముందు వరుసలో ఒకమ్మాయి లేచింది. "అక్కా, సార్ చెప్పారు, మీరు పిల్లల బట్టల్లో చాలా పైకొచ్చారట కదా? ఎందుకు మానేశారు? నాకూ అదే ఇష్టం. పెళ్లయి పిల్లలు పుడితే ఇంకా బాగా అర్థమవుతుందేమో కదా ఆ పని?"

 ఆమె టేబుల్ మీది నీళ్ల సీసా మూత తిప్పి, మళ్లీ బిగించింది.

"మంచి పనే. వెళ్లు" అంది చివరికి. "ఒక్కటే చెబుతా. కొలతలకు నీ పిల్లను మాత్రం నిలబెట్టకు. వేరేవాళ్ల పిల్ల అయితే, పెరిగిపోయి ఈ సీజన్‌కు సరిపోవట్లేదే అని విసుక్కుంటావు. ఆ విసుగు రావాలి. అది రావడం మంచిది."

పిల్లలకు అది చమత్కారంలా తోచింది. నవ్వి చప్పట్లు కొట్టారు. లెక్చరర్ మాత్రం గ్లాసు కింద పెట్టి ఆమె వైపు చూశారు.

ఇంటికి వచ్చేసరికి బుడ్డి మంచం మీద కొత్త గౌను తొడుక్కుని కూర్చుంది. గుండీలు తనే పెట్టుకుంది, ఒకటి తప్పి. రోజూ ఒక సూది పొడుస్తున్నారు, పెరగడానికి. ఆ మందు పనిచేస్తోంది. పిల్ల ఆగలేనట్టు సాగుతోంది. పోయిన సీజన్ కొన్నవేవీ పట్టడం లేదు.

"నాన్నమ్మ కొనుక్కొచ్చింది. ఏ రంగమ్మా ఇది? నాన్నమ్మ పసుపంది. నువ్వు సరిగ్గా చెప్పు."

ఆమె పక్కన కూర్చుని గుండీలు సరిచేసింది. "పసుపే. మరీ ముదురు కాదు. నారింజ వైపుకు కొంచెం ఒరిగింది."

పిల్ల ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది.

"నారింజకీ పసుపుకీ తేడా ఏంటమ్మా? ముందు గుర్తొచ్చేది. ఇప్పుడు రెండూ కలిసిపోతున్నాయి."

ఆమె నోరు తెరిచింది. ఒక్క పసుపునే ఇరవై రకాలుగా చెప్పి రంగులద్దే వాళ్లను హడలగొట్టిన మనిషి ఆమె. నారింజ అంటే, అని మొదలుపెట్టింది. సాయంత్రం ఎండ, అంది. ఎండ వెచ్చగా ఉంటుంది అంతే కదమ్మా, అంది పిల్ల. నిప్పు, అంది. అదీ వేడే. ఇంకేదో అనబోయి ఆమె ఆగిపోయింది. ఏది చెప్పినా చూసినవాళ్లకే పనికొచ్చేలా ఉంది.

 బుడ్డి తడుముకుంటూ తల్లి చెంప దొరకబుచ్చుకుని, అక్కడి తడిని అరచేత్తో తుడిచింది.

"పోన్లే అమ్మా. నీకు గుర్తుంది కదా" అంది.

"ఆఁ, నాకు గుర్తుంది" అంది ఆమె. కొత్త గౌను చేతులు కూడా అప్పుడే మణికట్టు పైకి లాక్కుపోయి ఉన్నాయి. వాటిని కిందికి లాగుతూ కూర్చుంది. అవి ఎంత లాగినా రావు.